గుమ్మడి టేకులో దాగిన జర్మన్ పేరు: గ్మెలిన్ కథ

గుమ్మడి టేకు చెట్టుని సంస్కృతంలో గంభారి అంటారు. ఆయుర్వేదంలో చెప్పే దశమూలాల్లో దీని వేరు కూడా ఒకటి. కలప తేలిగ్గా ఉంటుంది, ఫర్నిచర్‌కి బాగా పనికొస్తుంది. దీని శాస్త్రీయ నామం గ్మెలీనా ఆర్బోరియా. గుమ్మడి, గ్మెలీనా అనే మాటలు వినడానికి దగ్గరగా ఉన్నా రెంటికీ ఏ సంబంధమూ లేదు. గ్మెలీనా అన్నది ఒక మనిషి పేరు మీద పెట్టింది. ఆ మనిషి యోహాన్ గియోర్గ్ గ్మెలిన్, 18వ శతాబ్దపు జర్మన్ ప్రొఫెసర్. చెప్పిన సబ్జెక్టులు బోటనీ, కెమిస్ట్రీ. బతికింది 45 ఏళ్ళే. అందులో దాదాపు పదేళ్ళు సైబీరియా మంచులో గడిచిపోయాయి.

కంప్యూటర్ సైన్స్ చదివేవాడికి ఈ బోటనీ గొడవ ఎందుకని మీకు అనిపించొచ్చు. ఆయన జీవితం చదువుతుంటే నాకు అడుగడుగునా మన సబ్జెక్టే గుర్తొచ్చింది: పోయిన డేటా, తప్పు చెప్పిన సెన్సార్, పేర్లు పెట్టే పద్ధతి, చేసిన పనికి క్రెడిట్ ఎవరికి దక్కాలన్న తగువు. కంప్యూటర్లు రావడానికి రెండొందల ఏళ్ళ ముందే ఈ సమస్యలన్నీ ఆయన్ని పలకరించాయి.

మందుల షాపు నుంచి అకాడమీకి

గ్మెలిన్ 1709 ఆగస్టులో జర్మనీలోని ట్యూబింగెన్ ఊళ్ళో పుట్టాడు. తండ్రి మందుల తయారీదారు. అప్పట్లో మందుల షాపు అంటే ఇప్పటిలా స్ట్రిప్పులు కత్తిరించి ఇచ్చే చోటు కాదు. మూలికలు ఎండబెట్టడం, నూరడం, బట్టీ పట్టడం, లవణాలు తయారుచేయడం అన్నీ అక్కడే జరిగేవి. ఒకే గదిలో సగం బోటనీ, సగం కెమిస్ట్రీ ఉండేవన్నమాట.

ఆ రెండు సబ్జెక్టులూ ఒకే ప్రొఫెసర్ చేతిలో ఎందుకుండేవన్న ప్రశ్నకి జవాబు కూడా ఇదే. ఆ రోజుల్లో యూనివర్సిటీల్లో బోటనీకి, కెమిస్ట్రీకి వేరే డిపార్ట్‌మెంట్లు లేవు. రెండూ వైద్యం కిందే ఉండేవి. మొక్కని గుర్తుపట్టడం బోటనీ, దాన్నుంచి మందు తీయడం కెమిస్ట్రీ. మన ఆయుర్వేద వైద్యులకి మూలికలూ తెలియాలి, భస్మాలూ తెలియాలి కదా, అలాంటిదే అదీ.

గ్మెలిన్ చిన్న వయసులోనే యూనివర్సిటీ పాఠాలకి వెళ్ళడం మొదలుపెట్టి, ఇరవై దాటకముందే వైద్యం చదువు పూర్తిచేశాడు. అదే సమయంలో రష్యాలో, పీటర్ చక్రవర్తి సంకల్పించిన సైన్స్ అకాడమీ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కొత్తగా మొదలైంది. అక్కడ పనిచేయడానికి యూరప్ నలుమూలల నుంచీ పండితులని పిలిచారు. ట్యూబింగెన్ నుంచి బిల్ఫింగర్, డువెర్నోయ్ అనే ఇద్దరు గురువులు అప్పటికే వెళ్ళారు. వాళ్ళ వెనకే 1727లో గ్మెలిన్ కూడా వెళ్ళాడు. అదే సంవత్సరం ఇరవయ్యేళ్ళ ఇంకో కుర్రాడు కూడా అదే అకాడమీలో చేరాడు. పేరు లియోనార్డ్ ఆయిలర్. గ్రాఫ్ థియరీ పాఠంలో మొదటి రోజే వచ్చే కోనిగ్స్‌బర్గ్ వంతెనల సమస్యని ఆయిలర్ ఆ అకాడమీ ముందు పెట్టింది 1735లో. అప్పుడు గ్మెలిన్ సైబీరియాలో తిరుగుతున్నాడు.

1731లో, 22 ఏళ్ళ వయసులో, గ్మెలిన్ కెమిస్ట్రీకీ ప్రకృతి శాస్త్రానికీ ప్రొఫెసర్ అయ్యాడు. మన దగ్గర ఆ వయసుకి ప్లేస్‌మెంట్స్ కూడా పూర్తికావు!

పదేళ్ళ ప్రయాణం

1733లో విటస్ బేరింగ్ నాయకత్వంలో రష్యా ఒక భారీ యాత్ర మొదలుపెట్టింది. దాన్ని రెండో కమ్చట్కా యాత్ర అంటారు. ఆసియాకీ అమెరికాకీ మధ్య సముద్రం ఎలా ఉందో తేల్చుకోవడం, సైబీరియా మ్యాపులు గీయడం, అక్కడి మనుషుల గురించీ, గనుల గురించీ, మొక్కల గురించీ, జంతువుల గురించీ రాయడం, ఇవన్నీ ఆ యాత్ర లక్ష్యాలు. అకాడమీ తరపున వెళ్ళిన బృందంలో ముఖ్యులు ముగ్గురు. చరిత్రకారుడు మ్యుల్లర్, ఖగోళ శాస్త్రవేత్త ద లా క్రొయేర్, ప్రకృతి శాస్త్రానికి గ్మెలిన్. వాళ్ళ వెంట చిత్రకారులు, సర్వేయర్లు, సైనికులు, కొందరు విద్యార్థులు ఉన్నారు. ఆ విద్యార్థుల్లో ఒకడైన క్రషెనిన్నికోవ్ తర్వాత కమ్చట్కా మీద గొప్ప పుస్తకం రాశాడు.

1733 ఆగస్టులో బయల్దేరిన గ్మెలిన్ తిరిగి పీటర్స్‌బర్గ్ చేరింది 1743లో. గుర్రాల మీద, స్లెడ్జి బళ్ళ మీద, పడవల మీద 30 వేల కిలోమీటర్లకి పైగా తిరిగాడు. తొబొల్స్క్, తోమ్స్క్, యెనిసేయ్‌స్క్, ఇర్కుత్స్క్, బైకాల్ సరస్సు, లేనా నది మీదుగా యాకుత్స్క్. ఆ ఊళ్ళ పేర్లన్నీ వరసగా రాస్తే ఒక పేజీ నిండిపోతుంది.

దారిలో ఆయన గమనించిన ఒక విషయం ఇప్పటికీ చెప్పుకుంటారు. మ్యాపు ప్రకారం యూరప్‌కీ ఆసియాకీ హద్దు యూరల్ కొండలు. ఐతే గ్మెలిన్‌కి మాత్రం ఆ కొండలు దాటినప్పుడు పెద్ద తేడా కనిపించలేదు. యెనిసేయ్ నది దాటాకే మొక్కలు, జంతువులు, నేల అన్నీ మారిపోయి, ఇప్పుడు ఆసియాలోకి వచ్చామనిపించింది. ఎవరో గీసిన గీతని కాకుండా, కంటికి కనబడ్డ మొక్కలని నమ్మాడాయన.

ఒక రాత్రి మంట

1736 శరత్కాలంలో గ్మెలిన్ యాకుత్స్క్ చేరాడు. అక్కడ జనవరి సగటు ఉష్ణోగ్రత మైనస్ 35 డిగ్రీల సెల్సియస్ కంటే కిందే ఉంటుంది. ఊళ్ళో ఇళ్ళన్నీ చెక్కవే. ఆ నవంబర్లో ఒక రాత్రి ఆయన ఉన్న ఇల్లు తగలబడింది. పుస్తకాలు, నోట్సు, ఎండబెట్టి దాచుకున్న మొక్కలు చాలావరకు బూడిదయ్యాయి.

సెమిస్టర్ చివర్లో హార్డ్ డిస్క్ క్రాష్ ఐతే మనకి ఏడుపొస్తుంది. ఇక్కడ పోయింది మూడేళ్ళ ఫీల్డ్ వర్క్. బృందం అప్పుడప్పుడూ పీటర్స్‌బర్గ్‌కి నివేదికలు పంపుతూ ఉండేది కాబట్టి అంతా పోలేదు. ఐనా ఒక మొక్క నమూనా పోతే దాని కాపీ ఎక్కడా ఉండదు. అది పూసే రోజుల్లో, అది పెరిగే చోటికి, మళ్ళీ వెళ్ళాల్సిందే.

గ్మెలిన్ అదే చేశాడు. మర్నాటి వేసవిలో లేనా నది దారిలో వెనక్కి తిరిగి, పోయిన మొక్కల్ని మళ్ళీ సేకరించాడు. నిజానికి ఆయన కమ్చట్కా దాకా వెళ్ళాలి. ఐతే యాకుత్స్క్ నుంచి ముందుకెళ్ళడానికి కావాల్సిన తిండి, రవాణా దొరకలేదు. అందుకని విద్యార్థి క్రషెనిన్నికోవ్‌ని ముందు పంపారు. తర్వాత స్టెల్లర్ అనే ఇంకో ప్రకృతి శాస్త్రవేత్త కూడా వచ్చి చేరి, బేరింగ్‌తో పాటు అలాస్కా తీరం దాకా వెళ్ళాడు. గ్మెలిన్‌కి ఆ పేరు దక్కలేదు. ఆయన వాటాకి వచ్చింది పోయినదాన్ని మళ్ళీ పోగుచేసే పని. కథల్లో చెప్పుకునే సాహసం కాదిది. కానీ ఆ వేసవి లేకపోతే ఆయన పుస్తకంలో ఎన్ని పేజీలు ఖాళీగా ఉండేవో!

తప్పు చెప్పిన థర్మామీటర్

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

1735 జనవరిలో యెనిసేయ్‌స్క్‌లో భయంకరమైన చలి. గ్మెలిన్ థర్మామీటర్ చూస్తే పాదరసం మైనస్ 120 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా పడిపోయింది. అంటే దాదాపు మైనస్ 84 సెల్సియస్. అది రాసుకున్నాడు. యూరప్‌లో ఆ అంకెని సీరియస్‌గానే తీసుకున్నారు.

కానీ అది అసాధ్యం. ఇప్పటిదాకా భూమ్మీద వాతావరణ కేంద్రాల్లో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత మైనస్ 89.2 సెల్సియస్, అదీ 1983లో అంటార్కిటికాలోని వోస్తోక్ కేంద్రంలో. సైబీరియా మొత్తంలో అతి చల్లని ఊళ్ళలో కూడా రికార్డు మైనస్ 68 దగ్గర ఆగింది. మరి గ్మెలిన్ చూసిందేంటి?

జవాబు పాదరసంలోనే ఉంది. మైనస్ 38.8 సెల్సియస్ దగ్గర పాదరసం గడ్డకడుతుంది. గడ్డకట్టేటప్పుడు ఒక్కసారిగా కుంచించుకుపోతుంది. నీళ్ళు గడ్డకడితే ఉబ్బుతాయి కదా, పాదరసం దానికి ఉల్టా. అలా కుంచించుకున్నప్పుడు గొట్టంలో పాదరసం ఎక్కడికో దిగిపోతుంది. చూసేవాడికి చలి విపరీతంగా పెరిగినట్టు కనిపిస్తుంది. నిజానికి అప్పుడు ఆ పరికరం ఉష్ణోగ్రతని కొలవడం మానేసింది. సెన్సార్ తన రేంజ్ దాటిపోయింది, ఐనా ఎర్రర్ మెసేజ్ ఇవ్వకుండా ఏదో ఒక అంకె చూపిస్తూనే ఉంది.

అప్పట్లో పాదరసం గడ్డకడుతుందని ఎవరికీ తెలియదు. అది ఎప్పటికీ ద్రవమే అని అందరి నమ్మకం. 1759 డిసెంబర్లో పీటర్స్‌బర్గ్‌లో బ్రౌన్ అనే శాస్త్రవేత్త మంచులో నైట్రిక్ యాసిడ్ కలిపి, ఆ మిశ్రమంతో పాదరసాన్ని గడ్డకట్టించాడు. అప్పటికి గ్మెలిన్ చనిపోయి నాలుగేళ్ళు దాటింది. ఆయన రాసిన అంకె వెనక కారణం అప్పుడు బయటపడింది.

ఇప్పుడు దీని పక్కన ఇంకో విషయం పెట్టి చూడండి. యాకుత్స్క్ దగ్గర నేల లోపల వేసవిలో కూడా గడ్డకట్టే ఉంటుందని గ్మెలిన్ రాశాడు. ఈరోజు దీన్ని పెర్మాఫ్రాస్ట్ అంటున్నాం, తెలుగులో శాశ్వత ఘనీభూత నేల అనొచ్చు. పైన చెట్లు పెరుగుతుంటే కింద నేల మంచుగడ్డలా ఉండటమేంటని యూరప్‌లో చాలామంది నమ్మలేదు. దాదాపు వందేళ్ళ తర్వాత షెర్గిన్ అనే ఆయన యాకుత్స్క్‌లో నీళ్ళ కోసం బావి తవ్వించాడు. 1837 నాటికి 116 మీటర్ల లోతు పోయినా ఇంకా గడ్డకట్టిన నేలే. తర్వాత మిడెన్‌డార్ఫ్ అనే శాస్త్రవేత్త ఆ బావిలోకి థర్మామీటర్లు దించి కొలిచాడు. అప్పుడు గ్మెలిన్ మాట నిజమని అందరూ ఒప్పుకోక తప్పలేదు.

ఒకే మనిషి, ఒకే యాత్ర. పరికరం చెప్పిన తప్పుని లోకం నమ్మింది, కళ్ళతో చూసి చెప్పిన నిజాన్ని నమ్మలేదు. అంకె రూపంలో ఉంటే చాలు, మనం ప్రశ్నించడం మానేస్తాం. డేటా సైన్స్ క్లాసులో ఔట్‌లయర్స్ గురించి చెప్పేటప్పుడు ఈ ఉదాహరణ చెప్తే ఎవరూ మర్చిపోరు.

పుస్తకం ఒకరిది, పేర్లు ఇంకొకరివి

తిరిగొచ్చాక గ్మెలిన్ తన జీవితంలోకెల్లా పెద్ద పని మొదలుపెట్టాడు. అదే ఫ్లోరా సిబిరికా, సైబీరియా మొక్కల గ్రంథం. మొదటి సంపుటం 1747లో, రెండోది 1749లో వచ్చాయి. మిగతా రెండూ ఆయన పోయాక 1768, 1769లో వచ్చాయి. వాటిని పూర్తిచేసింది ఆయన అన్న కొడుకు సామ్యూల్ గాట్లీబ్ గ్మెలిన్. మొత్తం 1,178 మొక్కల వర్ణన, దాదాపు 300 చిత్రాలు. స్టెల్లర్, క్రషెనిన్నికోవ్ సేకరించినవి కూడా ఇందులో ఉన్నాయి.

ఐతే ఇక్కడే ఒక చిక్కుంది. అప్పట్లో మొక్క పేరంటే ఒక పొడవాటి లాటిన్ వర్ణన. ఆకులు ఇలా, పువ్వు అలా అంటూ ఒక వాక్యమంత ఉండేది. గ్మెలిన్ కూడా ఆ పద్ధతిలోనే రాశాడు. 1753లో స్వీడన్‌కి చెందిన లినేయస్ ప్రతి మొక్కకీ రెండే మాటల పేరు పెట్టి స్పీసీస్ ప్లాంటారమ్ అనే పుస్తకం వేశాడు. తర్వాతి కాలంలో శాస్త్రవేత్తలంతా కలిసి ఒక రూలు పెట్టుకున్నారు: మొక్కల పేర్ల లెక్క 1753 నుంచే మొదలు, అంతకుముందువి చెల్లవు.

దాని ఫలితం చూడండి. గ్మెలిన్ మంచులో వెతికి, వర్ణించి, బొమ్మ గీయించిన ఎన్నో మొక్కల్ని లినేయస్ ఆ పుస్తకం నుంచే తీసుకుని రెండు మాటల పేర్లు పెట్టాడు. రూలు ప్రకారం ఆ పేర్ల చివర కర్తగా ఉండేది లినేయస్. ఇందులో మోసమేం లేదు. లినేయస్ గ్మెలిన్ పుస్తకాన్ని పేరు పెట్టే ఉదహరించాడు, ఇద్దరికీ ఉత్తరాల స్నేహం కూడా ఉంది. స్టాండర్డ్ రాకముందు పనిచేసినవాళ్ళందరికీ జరిగేదే ఇది. కొత్త ఫార్మాట్ వచ్చాక పాత ఫైల్లో ఎంత మంచి డేటా ఉన్నా, కన్వర్ట్ చేసినవాడి పేరే హెడర్‌లో కనిపిస్తుంది.

లినేయస్ మాత్రం స్నేహితుణ్ణి మర్చిపోలేదు. ఒక మొక్కల ప్రజాతికే గ్మెలీనా అని పేరు పెట్టాడు. విచిత్రమేంటంటే అది సైబీరియా మొక్క కాదు, మన వేడి దేశాలది. తర్వాత మన గుమ్మడి టేకుని అదే ప్రజాతిలో చేర్చి గ్మెలీనా ఆర్బోరియా అన్నది విలియం రాక్స్‌బర్గ్. ఆయన 1781 నుంచి 1793 దాకా మన గోదావరి ప్రాంతంలోని సామర్లకోటలో ఉండి, కోరమాండల్ తీరపు మొక్కల మీద పనిచేశాడు. మన మొక్కల తెలుగు పేర్లని కూడా రాసుకున్నాడు. ట్యూబింగెన్ మనిషి పేరు మన చెట్టుకి అలా చేరింది. సైబీరియా కూడా ఆయన్ని గుర్తుపెట్టుకుంది: పెర్మాఫ్రాస్ట్ నేల మీద వేల కిలోమీటర్లు పరుచుకున్న అడవుల్లో ముఖ్యమైన లార్చ్ చెట్టు పేరు లారిక్స్ గ్మెలినీ.

బాండ్ తెంచుకున్న ప్రొఫెసర్

గ్మెలిన్‌ని దేవుణ్ణి చేయడం నా ఉద్దేశం కాదు. 1747లో ఆయన ఒక ఏడాది సెలవు మీద సొంతూరు వెళ్తానన్నాడు. తిరిగొస్తాడని ఇద్దరు పూచీ పడ్డారు. ఒకరు యాత్రలో తోడున్న మ్యుల్లర్, ఇంకొకరు రష్యా గొప్ప శాస్త్రవేత్త లొమొనోసోవ్. వెళ్ళినవాడు తిరిగి రాలేదు. 1749లో ట్యూబింగెన్‌లోనే ప్రొఫెసర్‌గా చేరిపోయాడు, బొటానికల్ గార్డెన్ కూడా ఆయన చేతికొచ్చింది. ఇక్కడ అకాడమీ పూచీ పడ్డ ఇద్దరి జీతాల్లోనూ కోత పెట్టింది.

పదేళ్ళు ఎముకలు కొరికే చలిలో గడిపినవాడికి ఇంటిమీద బెంగ ఉండదా అంటే ఉంటుంది. కానీ స్నేహితుడి సంతకం మీద వెళ్ళి, ఆ సంతకాన్ని గాలికొదిలేయడం మాత్రం తప్పే. ఆ పైన 1751, 52లో తన సైబీరియా యాత్ర గురించి నాలుగు భాగాల పుస్తకం జర్మన్‌లో వేశాడు. అక్కడి అధికారుల తీరు గురించి దాచకుండా రాశాడు. రష్యా ప్రభుత్వానికి అది నచ్చలేదు. పుస్తకంలో నిజాయితీ ఉంది, బాండ్ విషయంలో లేదు. రెండూ ఒకే మనిషివి.

ఒక ఉపన్యాసం, దాని వెనక ఒక ఉత్తరం

ట్యూబింగెన్‌లో ప్రొఫెసర్‌గా చేరినప్పుడు గ్మెలిన్ ఇచ్చిన ఉపన్యాసం విషయం: సృష్టి జరిగిపోయిన తర్వాత కూడా కొత్త మొక్కజాతులు పుట్టగలవా? 1749లో ఇది చిన్న ప్రశ్న కాదు. జాతులన్నీ దేవుడు మొదట్లోనే చేశాడు, వాటిలో మార్పు ఉండదు అన్నది అప్పటి నమ్మకం. గ్మెలిన్ తోటలో డెల్ఫినియం మొక్కల్లో కనిపించిన కొత్త రూపాలని ఉదాహరణగా చూపించాడు.

ఆ ఉపన్యాసాన్ని అచ్చువేసినప్పుడు దానితో పాటు ఇంకో పాత ఉత్తరాన్ని కూడా మళ్ళీ అచ్చువేయించాడు. అది అదే ట్యూబింగెన్‌లో ఒకప్పుడు ప్రొఫెసర్‌గా ఉన్న కమెరారియస్ 1694లో రాసింది. మొక్కల్లో కూడా ఆడ, మగ భాగాలుంటాయని కమెరారియస్ ప్రయోగాలతో చూపించాడు. ఆయన వాడిన మొక్కల్లో మనకి బాగా తెలిసిన ఆముదం, మొక్కజొన్న ఉన్నాయి. ఆముదం మొక్కకి మగ పువ్వులు విచ్చుకోకముందే తుంచేస్తే సరైన గింజ కట్టలేదు. ఎంత తేలికైన ప్రయోగమో చూడండి, మన పెరట్లో కూడా చేయొచ్చు.

ఆ రోజుల్లో ట్యూబింగెన్‌లో చదువుకున్న కుర్రాళ్ళలో ఒకడు కోల్‌రాయ్‌టర్. అతను 1760లో రెండు పొగాకు జాతుల్ని కలిపి సంకర మొక్కని పెంచాడు. పద్ధతిగా చేసిన మొక్కల సంకర ప్రయోగాలకి అదే మొదలు అంటారు. ఆ తర్వాత వందేళ్ళకి మెండెల్ తన బఠానీల వ్యాసంలో కోల్‌రాయ్‌టర్ పేరు ప్రస్తావించాడు. కమెరారియస్, గ్మెలిన్, కోల్‌రాయ్‌టర్, మెండెల్. ఈ వరసలో గ్మెలిన్ కొత్త ప్రయోగం ఏదీ చేయలేదు. మర్చిపోతున్న ఒక ఉత్తరాన్ని సరైన ప్రశ్న పక్కన పెట్టి జనం ముందుకి తెచ్చాడు, అంతే. ఒక్కోసారి అది కూడా పెద్ద పనే.

1755 మే 20న ట్యూబింగెన్‌లో గ్మెలిన్ చనిపోయాడు. బోటనీ, కెమిస్ట్రీ పాఠాలు తమ్ముడు ఫిలిప్ ఫ్రీడ్రిష్ చేతికొచ్చాయి. ఫ్లోరాని పూర్తిచేసిన అన్న కొడుకు సామ్యూల్ కూడా రష్యా తరపున యాత్రకి వెళ్ళి, 1774లో కాకసస్‌లో బందీగా ఉంటూ చనిపోయాడు. తమ్ముడి మనవడు లియోపోల్డ్ గ్మెలిన్ రాసిన కెమిస్ట్రీ హ్యాండ్‌బుక్ ఆయన తర్వాత కూడా తరాల పాటు కొనసాగింది. ఎస్టర్, కీటోన్ అనే మాటలు పెట్టింది ఈ లియోపోల్డే. ఇంటర్‌లో ఆర్గానిక్ కెమిస్ట్రీ బట్టీపట్టినవాళ్ళందరూ ఆ ఇంటికి కొంచెం బాకీ ఉన్నట్టే.

క్లబ్ చర్చకి మూడు ప్రశ్నలు

1. ఒక పరికరం ఎక్కడిదాకా నమ్మదగ్గదో ముందే తెలియనప్పుడు, అది చూపించిన అంకెని ఎలా రాసిపెట్టాలి? గ్మెలిన్ చేసినట్టు చూసింది చూసినట్టు రాయడం మంచిదా, అసాధ్యం అనిపిస్తే వదిలేయడం మంచిదా? ఆయన వదిలేసి ఉంటే పాదరసం సంగతి తేలినప్పుడు పోల్చుకోవడానికి ఏం మిగిలేది?

2. 1753కి ముందు పేర్లు చెల్లవన్న రూలు న్యాయమేనా? ఎక్కడో ఒకచోట గీత గీయకపోతే ఒక మొక్కకి పది పేర్లుంటాయి. గీస్తే గ్మెలిన్ లాంటివాళ్ళు గీతకి అవతల మిగిలిపోతారు. మీరైతే ఎక్కడ గీస్తారు?

3. మీ ఊళ్ళో మీకు తెలిసిన ఒక చెట్టు తెలుగు పేరు, శాస్త్రీయ నామం పట్టుకురండి. ఆ నామంలో ఎవరి పేరైనా దాగుందేమో వెతకండి. దొరికితే ఆ మనిషి ఎవరో రెండు పేజీలు రాయండి, వచ్చే సంచికలో వేసుకుందాం.